పాలన్నం తిన్న బొచ్చె పిల్లలు

మా ఆయన పేరు ఆమోసు. మొగుడి పేరు పైకి పలకకూడదని మా వీధిలో ఆడవాళ్ళు పట్టింపుగా ఉండేవాళ్ళు గాని, కాగితం మీద రాయకూడదని ఎవరూ చెప్పలేదు. కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. ఆయన పని నీళ్ళు చరచడం. వినగానే నవ్వొస్తుంది, నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో నాకూ వచ్చింది. మీ ఆయన ఏం చేస్తాడమ్మా అని ఎవరైనా అడిగితే, చేపల డిపార్టుమెంటు అని గొప్పగా చెప్పి, రెండో ప్రశ్న రాకముందే మాట మార్చేసేదాన్ని.

సంగతి ఏమిటంటే, బెజవాడ శివార్లలో ఒక చేపల ఫారం ఉండేది. వానాకాలం రాగానే అక్కడి తొట్లలో బొచ్చె, శీలావతి చేపల గుడ్లు పగిలి, నలుసుల్లాంటి పిల్లలు బయటికి వచ్చేవి. అవి వడ్లగింజకు రెండింతలయ్యాక పల్లెల్లో చెరువులకు చేర్చాలి. దానికంటూ వేరే బండ్లూ, యంత్రాలూ ఏమీ ఉండేవి కావు. ఉన్నదల్లా మా ఆయన, ఆయన భుజాన ఒక కావిడి, దానికి అటొకటి ఇటొకటి వెడల్పు మూతి కుండలు, ఆ పైన ఆర్టీసీ బస్సు దయ.

చేప నీళ్ళలోనే కదా ఉండేది, దానికి ఊపిరికి లోటేమిటి అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. నీళ్ళలో కలిసి ఉన్న గాలినే అది మొప్పలతో పీల్చుకుంటుందట. చెరువులో అయితే పైన గాలి వీచి, అలలు లేచి, పీల్చుకున్నంత మళ్ళీ చేరుతూ ఉంటుంది. మూరెడు కుండలో వేల పిల్లల్ని కుక్కితే చేర్చేవాళ్ళెవరు? అందుకని అరచేత్తో నీళ్ళ మీద టపటపా చరుస్తూ కూర్చోవాలి. చరిచినప్పుడల్లా కాస్త గాలి లోపలికి దిగుతుంది. చెయ్యి ఆగితే కాసేపటికి పిల్లలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఇంకా ఆగితే వెల్లకిలా తిరుగుతాయి. ఒక చెయ్యి పీకితే ఇంకో చెయ్యి. ఆకలేసినా, నిద్రొచ్చినా, పక్క సీటువాడు తిట్టినా చెయ్యి ఆగడానికి వీల్లేదు. తర్వాత్తర్వాత ప్లాస్టిక్ సంచుల్లో ఆక్సిజన్ పట్టి పంపడం వచ్చి ఆ బాధ తప్పింది గాని, నేను చెప్పే రోజుల్లో మా ఆయన అరచెయ్యే ఆక్సిజన్. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, నిద్రలో కూడా నా వీపు మీద చరిచేవారు. మొదట్లో ప్రేమనుకున్నాను. తర్వాత తెలిసింది, నన్ను కుండ అనుకుంటున్నారని.

మా పరిచయం కూడా ఆ కుండ పుణ్యమే. నేను ఉయ్యూరు నుంచి బెజవాడ వెళ్ళి కాన్వెంటు సిస్టర్ల దగ్గర కుట్టుపని నేర్చుకునేదాన్ని. ఒకరోజు తిరుగు బస్సులో నా పక్క వరసలో ఒక మనిషి కాళ్ళ మధ్య కుండ పెట్టుకుని నీళ్ళు చరుస్తున్నాడు. పటమట దాటేసరికి నా కొత్త వాయిలు చీర సగం తడిసింది. కళ్ళు కనపడవా, బుద్ధి లేదా అని నోటికి వచ్చినట్టు కడిగేశాను. ఆయన తల వంచుకుని అన్నీ విన్నాడు. చెయ్యి మాత్రం ఆపలేదు. చివరికి, "తిట్టండి, తప్పు నాదే. ఆపితే ఇవి చచ్చిపోతాయండి" అన్నాడు. కంకిపాడు వచ్చేసరికి కుండలోకి తొంగిచూస్తున్నది నేను. ఉయ్యూరులో దిగేసరికి రెండో కుండ నీళ్ళు చరుస్తున్నది కూడా నేనే. ఆ తర్వాత జరిగింది చెప్పక్కర్లేదనుకుంటాను.

చెప్పవలసింది మా అమ్మ గురించి. మా అమ్మ పేరు శౌరమ్మ. ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఆమెకు టీ బడ్డీ ఉండేది. నాన్న పోయాక ఆ బడ్డీ మీదే నన్ను పెంచింది. ఒక చేతిలో గ్లాసు నడుం దగ్గర, రెండో చేతిలో చెంబు తలకు పైన పెట్టి ఆమె టీ తిరగబోస్తుంటే, చెరుకు బళ్ళు తోలుకొచ్చినవాళ్ళు తాగడం మానేసి చూస్తూ నిలబడేవాళ్ళు. చుక్క కింద పడేది కాదు. ఆకలితో ఎవరైనా తన గడప దాటి వెళ్ళారంటే ఆమెకు ఆ రాత్రి నిద్రపట్టదు. పొరుగింటి కోడికి కూడా మా ఇంట్లో గింజలు పడాల్సిందే. అలాంటి మనిషికి మా ఆయన అంటే మాత్రం ఒళ్ళు మంట.

మొదటి కారణం గుడి. మేము ఆర్సీయం క్రైస్తవులం, ఆయన సి.ఎస్.ఐ. పెళ్ళి మా ఊరి ఆర్సీయం గుడిలోనే, మా ఫాదరు గారి చేతుల మీదుగానే జరిగింది. దానికి మా ఆయన మారుమాట లేకుండా ఒప్పుకున్నారు కాబట్టి ఆ కోపం ఎన్నాళ్ళో నిలవలేదు. రెండో కారణమే గట్టిది. నీళ్ళు చరచడం కూడా ఒక పనేనా అన్నది ఆమె ప్రశ్న. మా తాతయ్య ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు మడుగుల్లో కొర్రమీను పట్టి, తడి గోనెసంచిలో చుట్టి, సంతకు తీసుకెళ్ళేవాడట. పొద్దున పట్టింది సాయంత్రానికి కూడా సంచిలో ఎగిరెగిరి పడేదట. నీళ్ళే లేకుండా చేప బతుకుతుంటే, కుండెడు నీళ్ళిచ్చి కూడా దాని పక్కన కూర్చుని జోకొట్టేదేమిటి, ఇది పనిలేనివాళ్ళ వేషం కాకపోతే అని బడ్డీకి వచ్చిన ప్రతివాళ్ళతో అనేది. మా ఆయన నా ద్వారా జవాబు పంపారు. కొర్రమీనుకి మొప్పల పైన గాలి దాచుకునే గది ఉంటుందట, అది పైకి వచ్చి మనలాగే గాలి మింగుతుందట. కాలువలు ఎండే చోట పుట్టింది కాబట్టి దానికి దేవుడు ఆ ఏర్పాటు చేశాడు. బొచ్చె పారే నదిలో పుట్టింది, దానికి నీళ్ళలో ఉన్న గాలి తప్ప వేరే దిక్కు లేదు. ఇదంతా మా అమ్మకు అప్పజెప్పాను. విని, "దేవుణ్ణి కూడా సాక్ష్యానికి పిలిచాడా" అంది.

ఇంటికి వస్తే మర్యాదకు లోటు చేసేది కాదు. కూర వేసేది, నెయ్యి వేసేది, వద్దన్నకొద్దీ వడ్డించేది. పిలుపు మాత్రం వేసేది కాదు. మా వైపు అల్లుడు గుమ్మంలోకి రాగానే అత్తగారు 'రండి అల్లుడుగారూ' అనాలి. అది అనకపోతే ఆ మనిషి ఇంకా బయటే ఉన్నట్టు. మా అమ్మ ఆ మాట అనకుండా ఏడాది గడిపింది. కాళ్ళు కడుక్కోమనాలంటే గుమ్మంతో చెప్పేది. అన్నానికి లెమ్మనాలంటే దీపం బుడ్డితో చెప్పేది. ఆయన లేనప్పుడు 'అతను' అనేది. మా ఆయన ఇవన్నీ నవ్వుతూ భరించినట్టు కనిపించేవారు గాని, ఒకరోజు నాతో మెల్లగా అన్నారు. "అల్లుడుగారూ అని ఒక్కసారి అంటే చాలు తెరేసా. ఇంకేం అక్కర్లేదు నాకు." నాకు మా అమ్మ మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు.

ఆ కోపంలోనే వెళ్ళి అమ్మను నిలదీశాను. ఆయన పని ఒక్కసారి కళ్ళతో చూసి అప్పుడు మాట్లాడు, చూడకుండా మాట్లాడకు అన్నాను. అమ్మ కాసేపు టీ గ్లాసులు కడిగి, అలాగే చూస్తానులే, ఒక ట్రిప్పు నేనూ వస్తా, అది మనిషి చేసే పనేనని తోస్తే అప్పుడు పిలుస్తా అంది. ఈ మాట చెప్పగానే మా ఆయన ముఖం వెలిగిపోయింది. పరీక్షకు పేరు ఇచ్చినవాడిలా రెండు రోజులు తిన్నగా అన్నం తినలేదు.

అది డెబ్బయ్ నాలుగో సంవత్సరం ఆగస్టు. ఉయ్యూరు అవతల, బందరు రోడ్డు నుంచి లోపలికి ఉన్న ఒక ఊళ్ళో బసవపున్నయ్య గారని ఒక రైతు ఉండేవారు. ఆయన పల్లపు చేను ఏటా మునిగిపోతుంటే విసిగి, దాన్ని చెరువుగా తవ్వించారు. వరి పండని చోట చేపలు పండిస్తాడట అని ఊరంతా నవ్వుతోంది. ఆ చెరువుకు మొదటి పిల్లల్ని తీసుకెళ్ళే పని మా ఆయనకు పడింది. అమ్మ రావలసింది ఆ ట్రిప్పుకే. ఫ్యాక్టరీకి అప్పుడు చెరుకు క్రషింగు లేదు, బడ్డీలో బేరాలు తక్కువ, కాబట్టి ఆమెకూ తీరిక.

ప్రయాణానికి ముందు రోజు చేప పిల్లలకు మేత ఆపేస్తారు. తవుడు లేదు, వేరుశెనగ చెక్కపొడి లేదు. మంచి నీళ్ళలో ఉంచి పొట్టలు ఖాళీ చేయిస్తారు. నిండు పొట్టతో ఎక్కిస్తే అవి కుండలోనే పాడుచేస్తాయి, మళ్ళీ ఆ నీళ్ళే పీల్చాలి. పైగా తిన్నది అరగాలంటే మామూలుకంటే ఎక్కువ ఊపిరి కావాలట. ఇది మా ఆయనకు ఫారంలో నేర్పిన మొదటి పాఠం. ఆ రోజు తెల్లవారి బస్సుకి ఉయ్యూరులో దిగి, కుండలు బడ్డీ నీడలో దించి, "నిన్నటినుంచి పస్తున్నాయి, పొట్టలు అద్దంలా ఉన్నాయి" అని, ముందురోజే అమ్మ దగ్గరికి వచ్చి ఉన్న నాతో సంతోషంగా చెప్పారు. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. ఆ మాట ఆమె చెవిన పడింది.

అక్కడినుంచి ఇంకో బస్సు పట్టుకోవాలి. ఆ కండక్టరు కుండలు ఎక్కించుకోనని పేచీ పెడుతున్నాడని తెలిసి, అతన్ని ఒప్పించడానికి మేమిద్దరం బస్టాండుకి బయల్దేరాం. వెళ్తూ మా ఆయన, కాసేపు చెయ్యి ఆడిస్తూ ఉండండి అత్తయ్యగారూ అని వినయంగా అడిగారు. అమ్మ చెంగు బిగించి కుండల మధ్య కూర్చుంది. ఆమెకు ఆయన అప్పగించిన మొదటి పని అది.

కండక్టరు బస్సంతా నీచు వాసన కొడుతుందన్నాడు, ఊడ్పులకు వెళ్ళే ఆడవాళ్ళకే చోటు లేదన్నాడు. వచ్చే ఏడాది ఈ చేపలే మీరు తింటారని మా ఆయన, టీ తాగి మాట్లాడమని నేను, ఎలాగో దారికి తెచ్చాం. తిరిగి వచ్చేసరికి అమ్మ రెండు చేతులతో రెండు కుండల్లో నీళ్ళు చరుస్తోంది. ముఖంలో ఒక తృప్తి. పంక్తికి వడ్డించి చేతులు కడుక్కున్న మనిషి ముఖంలో ఉండే తృప్తి అది. నేను పట్టించుకోలేదు. బస్సు హారన్ కొట్టింది, పరుగెత్తాం.

మా ఆయన వెనక సీటు దగ్గర కుండలతో కింద కూర్చున్నారు. అమ్మ ముందు, ఊడ్పుల వాళ్ళ మధ్య, తల తిప్పి ఆయన్నే చూస్తోంది. మొదట అంతా బాగానే ఉంది. ఆయన చెయ్యి అందంగా లేస్తోంది, పడుతోంది. అమ్మ చూస్తోందని ఎరిగి కాస్త ఎక్కువ అందంగానే లేస్తోంది. కాసేపటికి ఎండ ఎక్కింది. నీళ్ళ మీద నురగ కట్టడం మొదలైంది. నురగ తీసేసి ఇంకా జోరుగా చరిచారు. నీళ్ళు పలచటి మజ్జిగలా తెల్లబడ్డాయి. పిల్లలు ఒక్కొక్కటే పైకి వచ్చి నోళ్ళు తెరవసాగాయి. ఆయన నుదుటి మీద చెమట చూసి నేను రెండో కుండ లాక్కుని చరచడం మొదలుపెట్టాను. ఎంత చరిచినా అవి కిందికి దిగడం లేదు. మొదటి కుండలో కొన్ని అప్పటికే పక్కకు ఒరిగాయి.

అప్పుడు ఆయన అరచేతికి ఏదో అంటుకుంది. విప్పి చూసుకున్నారు. మెత్తగా పిసికిన అన్నం మెతుకు. వాసన చూశారు, పాల వాసన. ఆయన తలెత్తి అమ్మ వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు. మెతుకును చొక్కా జేబులో వేసుకుని, ఏమీ ఎరగనట్టు మళ్ళీ చరచడం మొదలుపెట్టారు. నాకు అర్థమైంది.

వాసన పట్టి కండక్టరు వెనక్కి వచ్చాడు. ముందే చెప్పానా, చచ్చిన చేపల్ని బస్సులో ఎక్కించావు, ఇదేనా నీ పనితనం అని అందరూ వినేలా కేకలేశాడు. బస్సంతా తలలు తిప్పింది. మా ఆయన కుండ మీదినుంచి కళ్ళెత్తకుండా అన్నారు.

"నాదే పొరపాటండి. పొద్దున నీళ్ళు మార్చకుండా ఎక్కించాను."

ఎవరి ముందు పనిమంతుడు అనిపించుకోవాలని రెండు రోజులు అన్నం మానుకున్నారో, ఆ మనిషి ముందే ఆ మాట అన్నారు. నాకు ఏడుపూ, కోపమూ ఒక్కసారే వచ్చాయి. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. నాకంటే ముందు అమ్మ సీట్లోంచి లేచింది.

"ఆయన తప్పేం లేదయ్యా. నేనే పాలన్నం పెట్టాను. బేరానికి లేచొచ్చేసరికి పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఆకలేమో అనుకున్నాను."

ముందు ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది, అమ్మ ముఖం చూసి. ఊపిరాడక తెరిచిన నోళ్ళను ఆకలి నోళ్ళనుకుంది మా అమ్మ. బడ్డీకి పోయించుకున్న చిక్కటి పాలతో, చంటిపిల్లలకు పిసికినట్టు పిసికి, రెండు కుండల్లో వేసింది. పిలుపైనా ఇవ్వని అల్లుడి చేపలకు. ఏడాదిగా 'అతను' అన్న నోటితో 'ఆయన' అనడం కూడా అప్పుడే విన్నాను.

ముందుకు చూస్తే రోడ్డు పక్కన ఒక ఇల్లు, దాని ముందు బావి ఉన్నాయి. మా ఆయన బస్సు ఆపమన్నారు. కుండలతో, అమ్మతో సహా దిగిపోయాం. ఊరికి ఇంకా కొంత దూరం ఉంది. బస్సు మమ్మల్ని దుమ్ములో వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ ఇంటావిడ రెండు బకెట్లు ఇచ్చింది. నేను గబగబా బావిలోంచి తోడి కుండలో పోయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. బావి అడుగు నీళ్ళలో గాలి ఉండదట. పైగా చల్లన. ఒంటి వేడి అంటూ చేపకు వేరే ఉండదు, నీళ్ళ వేడే దాని వేడి. ఒక్కసారిగా చల్లబరిస్తే ఉన్న ప్రాణం కూడా పోతుంది. ముందు ఈ నీళ్ళకు గాలి పట్టించాలి, ఎండకు కాస్త వెచ్చబరచాలి, ఆ తర్వాత చెంబు చెంబుగా కలపాలి. అంత తీరిక ఎక్కడుంది అన్నారు.

అమ్మ బకెట్ల వైపు చూస్తూ నాతో, "తెరేసా, టీ తిరగబోసినట్టు తిరగబోస్తే గాలి పడుతుందేమో అడుగు" అంది. ఆయన మూడడుగుల దూరంలో ఉన్నారు. పడుతుందని చెప్పు తెరేసా అన్నారాయన. ఎంత ఎత్తునుంచి పొయ్యాలో కనుక్కో అంది అమ్మ. ఎంత ఎత్తయితే అంత మంచిదని చెప్పమన్నారాయన. నేనేమన్నా మీ ఇద్దరికీ పోస్టాఫీసునా, చేపలు చస్తున్నాయి అని అరిచాను. ఇద్దరూ నోరు మూసుకుని పనిలో పడ్డారు.

ఆ రోజు మా అమ్మ నీళ్ళు తిరగబోసింది చూడాలి. బకెట్టు తలపైకి ఎత్తి, ఎండలో, బారెడు ధార. కింది బకెట్టులో నీళ్ళు తెల్లగా బుడగలు కట్టేవి. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు. ఆ ఇంటావిడ పని వదిలి గుమ్మంలో నిలబడిపోయింది. మా ఆయన పల్చటి గుడ్డ వేసి కుండలో పాడునీళ్ళు కొద్దికొద్దిగా తోడేసి, అమ్మ సిద్ధం చేసిన నీళ్ళు అంచు వెంబడి మెల్లగా జారవిడిచారు. నేను చరుస్తూనే ఉన్నాను. రెండో కుండలో పిల్లలు ముందు తేరుకున్నాయి. ఒకటి తోక ఆడించి లోపలికి దిగింది. దాని వెనక ఇంకొన్ని. మొదటి కుండకు అమ్మ ఎక్కువ ప్రేమ వడ్డించినట్టుంది, అందులో సగానికి సగం పోయాయి. చచ్చినవాటిని ఆయన అరిటాకు ముక్క మీదికి తీశారు. అమ్మ బకెట్టు దించి వాటిని చూసి సిలువ గుర్తు వేసుకుంది. ఆమె కళ్ళు నిండాయి. ఆయన చూడనట్టు ఆ ఆకు మడిచి పక్కన పెట్టేశారు.

ఇక బస్సు కోసం ఆగలేదు. కుండల చుట్టూ తడి గోనెపట్టా చుట్టి కావిడి ఎత్తుకున్నారు. కావిడి మోసేవాళ్ళకు ఒక నడక ఉంది, నడకకూ పరుగుకూ మధ్యది. ఆ ఊపుకు కుండలో నీళ్ళు తొణికి వాటంతటవే గాలి పీల్చుకుంటాయి. బస్సు కంటే ఆ నడకే చేపలకు మేలని ఆయన ఎప్పుడూ అనేవారు. కాలువ గట్టు మీద ఆయన ముందు, మేము వెనక. కాలువ నిండుగా ఎర్రగా పారుతోంది. గోనెపట్టా ఆరిపోయినప్పుడల్లా అమ్మ కాలువలోకి దిగి చెంబుతో నీళ్ళు తెచ్చి తడిపింది. ఎవరూ చెప్పకుండానే తడిపింది. దారిలో కొర్రమీను మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

బసవపున్నయ్య గారు గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చున్నారు. నవ్వడానికి వచ్చిన నలుగురు కూడా ఉన్నారు. ఒక కుండ పలచగా ఉందేమిటని ఆయన అడిగారు. మా ఆయన నోరు విప్పేలోగా అమ్మ ముందుకు వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది, మెతుకు కూడా దాచకుండా. బసవపున్నయ్య గారు పొట్ట పట్టుకుని నవ్వారు. పాలన్నం తిని కూడా బతికాయంటే నా చెరువుకు తగినవేలెండి, ఇక్కడ బురద తిని పెరుగుతాయి అన్నారు. గట్టు మీద నలుగురూ నవ్వారు. ఆ నవ్వులో వెటకారం లేదు.

అయితే కుమ్మరించెయ్యవయ్యా అని తొందరపెట్టారాయన. మా ఆయన ఒప్పుకోలేదు. పంచె పైకి కట్టి మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, ఒక కుండను చెరువులో తేలేలా పట్టుకున్నారు. రెండోది పట్టుకోవడానికి నేను దిగబోతుంటే, అమ్మ నన్ను పక్కకు జరిపి తనే దిగింది. దోసెడు దోసెడు చెరువు నీళ్ళు కుండలో పోస్తూ ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. రెండు నీళ్ళూ ఒకటయ్యేదాకా ఆగాలి. ఎంతసేపయ్యా అని గట్టు మీదినుంచి మళ్ళీ అరుపు. "తొందరపెట్టకూడదండి. సరిపడ్డప్పుడు అవే వెళ్తాయి" అన్నారు మా ఆయన. అమ్మ ఆ మాటకు ఆయన వైపు చూసింది.

కుండలు వంచి ఉంచారు. ఒక పిల్ల అంచు దాకా వచ్చి, బయటికి చూసి, మళ్ళీ లోపలికి పోయింది. ఇంకోటి బయటికి వెళ్ళి, తిరిగి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. ఈసారి రాలేదు. దాని వెనక అన్నీ దారి కట్టాయి. సన్నటి నీడలా కుండలోంచి చెరువులోకి సాగిపోయాయి. బసవపున్నయ్య గారు గొడుగు పక్కన పెట్టి, నీళ్ళ అంచున గొంతుక్కూర్చుని చూశారు. ఆ సంవత్సరంలో నేను చూసినవాటిలో అందమైనది ఏదంటే ఇదే చెప్తాను.

అన్నీ వెళ్ళిపోయాయి. కుండలు ఖాళీ. అయినా మా ఆయన నీళ్ళలోనే నిలబడి ఉన్నారు. తెల్లవారుజాము నుంచి చరిచి చరిచి ముడతలు పడిన కుడిచెయ్యి, చెరువు నీళ్ళ మీద ఇంకా లేస్తోంది, పడుతోంది. ఆయనకు తెలియదు అది ఆడుతోందని. కళ్ళు ఎటో ఉన్నాయి. పోయిన సగం కుండ గురించి ఆలోచిస్తున్నారని, పరీక్ష తప్పాననుకుంటున్నారని నాకు తెలుసు.

అమ్మ కాసేపు ఆ చెయ్యినే చూసింది. తర్వాత నా వైపు తిరగలేదు. చెరువుతోనూ చెప్పలేదు, గట్టుతోనూ చెప్పలేదు. నేరుగా ఆయన ముఖంలోకి చూసింది.

"ఇంక చాల్లెండి అల్లుడుగారూ, అవి వెళ్ళిపోయాయి. పొద్దుట్నుంచీ మీరేమన్నా తిన్నారా?"

ఆ చెయ్యి ఆగింది.

తినలేదండీ అత్తయ్యగారూ అన్నారాయన, చిన్నపిల్లాడిలా. అమ్మ గట్టెక్కి చేతిసంచిలోంచి స్టీలు డబ్బా తీసింది. చేపలకు పెట్టగా మిగిలిన పాలన్నం అందులోనే ఉంది. పులిసిందేమోనని వాసన చూసి, పర్వాలేదని ఆయన ముందు పెట్టింది. ఆయన గట్టు మీద కూర్చుని మెతుకు మిగలకుండా తిన్నారు. తింటున్నంతసేపూ ఎడమచెయ్యి ఒళ్ళో కదలకుండా ఉంది.